తోమాసు బావ ఉరికిన బాట

మా బావ తోమాసు వడదెబ్బతో చనిపోయాడని మా సంఘం రిజిస్టరులో రాసి ఉంది. రాసింది నేనే. సగం లెక్క చేసి పలక దించిన పిల్లల వీపు వాయగొట్టిన పంతులును నేను. అలాంటి నేనే పాతికేళ్లకు పైగా సగం లెక్కతో కూర్చున్నాను. ఇవాళ మిగతా సగం చెప్తున్నాను. మధ్యలో ఎవరూ “పోనీలే సారూ, జరిగిందేదో జరిగింది” అని నన్ను ఓదార్చొద్దు. ఓదార్పులంటే నాకు చెడ్డ చిరాకు.

మాది లక్షెట్టిపేట దగ్గర రేగులపల్లె. మెథడిస్టు సంఘం నలభై గడపలు, రేకుల చర్చి, దాని పక్కనే నేను చదువు చెప్పే మిషను బడి. నా పేరు సీమోను. తోమాసు మా అక్క సాయవ్వ పెనిమిటి. అడవి ఊళ్లకు ఉత్తరాల సంచి మోసే తపాలా రన్నరుగా ఇరవై ఏళ్లు చేశాడు. భుజాన సంచి, చేతిలో గజ్జెలు కట్టిన కర్ర, రోజూ పన్నెండు మైళ్లు పోవడం, పన్నెండు మైళ్లు రావడం. 1969లో ఆ బాటకు బస్సు పడింది, ఆయన కొలువు పోయింది. కొలువు పోయినా ఉరుకుడు పోలేదు. బర్రెను తోలుకు రావడానికీ ఉరికేవాడు, అగ్గిపెట్టె తేవడానికీ ఉరికేవాడు.

“లగ్గంనాడు గూడ ఉరికొచ్చిండు, నన్నెవలన్న ఎత్కపోతరని” అని మా అక్క ఆటపట్టించేది.

“ఎత్కపోతే బతికిపోదును గదనే” అని ఆయన నవ్వేవాడు.

మా సంఘంలో ఒక ఆచారం ఉంది. ఆడవాళ్లు పొయ్యి మీద ఎసరు పెట్టగానే, వండబోయే గింజల్లోంచి ఒక పిడికెడు తీసి వేరే కుండలో వేస్తారు. ఆదివారం ఆ కుండ తెచ్చి చర్చి వెనకాల గుమ్మిలో పోస్తారు. గుమ్మి అంటే వెదురుతో అల్లి మట్టితో అలికిన గాదె. ఇంట్లో పొయ్యి వెలగని వాళ్లు ఎవరైనా, ఏ కులమైనా, ఏ ఊరైనా, వచ్చి కొంగు పడితే మనిషికి సోలెడు చొప్పున కొలిచి ఇవ్వాలి. ఎందుకు, ఏమిటి అని అడగకూడదు. కొలిచేది మా అక్క.

1972లో వాన మొహం చాటేసింది. చలికాలానికే బావులు అడుగంటాయి. వండితే కదా పిడికెడు తీసేది! గుమ్మిలో పోసేవాళ్లు తగ్గారు, కొంగు పట్టేవాళ్లు పెరిగారు. మరుసటి ఏప్రిల్‌లో ఒక పొద్దున నేను పోయేసరికి అక్క గుమ్మిలోకి దిగి చీపురుతో ఊడుస్తోంది. గింజలు, మట్టి, పురుగులు అన్నీ కలిసి ఒక చేటెడు వచ్చాయి. అవి కూడా అయిపోయిన మరునాడు ముసలి శంకరవ్వ కొంగు పట్టింది. అక్క మూత తీసి చూపించింది. శంకరవ్వ లోపలికి తొంగి చూసి, కొంగు దులుపుకుని వెళ్లిపోయింది. నాలుగో రోజు ఆమె గుడిసె తలుపు మేమే తీయాల్సి వచ్చింది.

శంకరవ్వను పూడ్చి వచ్చిన సాయంత్రం మా బావ నన్ను వెంటబెట్టుకుని భూపాల్‌రావు దొర గడికి, కోటలాంటి ఆయన ఇంటికి, పోయాడు. ఆ చుట్టుపక్కల జొన్నల పాతర్లు ఉన్నది ఆయనకే. నేల లోపల తవ్విన ఆ గోతుల్లో మూడేళ్ల జొన్నలు ఉన్నాయని అందరికీ తెలుసు. మేము వాకిట్లో నిలబడి విషయం చెప్పాం. దొర మంచి హుషారులో ఉన్నాడు. చుట్టూ పదిమంది ఉంటే ఆయనకు ఎప్పుడూ హుషారే.

“ఉరుకుడు తోమాసువు గదర నువ్వు! మా కట్టె డిపో మందమర్రిల, మా నర్సింహస్వామి ధర్మపురిల. డిపో కాడికెల్లి గుడి దాక పొద్దుగూకక ముందు ఉరుకు. రాయికొక బస్తా జొన్నలిస్త. ఎన్ని రాళ్లు దాటితే అన్ని బస్తాలు” అన్నాడు.

చుట్టూ ఉన్నవాళ్లు నవ్వారు. అది నలభై మైళ్ల బాట. నా నోరు ఊరుకుంటుందా! “కొత్త రాళ్లే గద దొరా?” అన్నాను. మైలురాళ్లు పీకేసి కిలోమీటరు రాళ్లు పాతి అప్పటికి కొన్నేళ్లయింది. దొర మనసులో నలభై బస్తాలే ఉన్నాయి, నా లెక్కలో అరవై దాటాయి. ఆయనకు అర్థమై, పగలబడి నవ్వి, “పంతులు నోరు పంతులు నోరే! సరే, కొత్త రాళ్లే” అన్నాడు.

జొన్నలు పాతర్లో ఉన్నాయి, ఆకలి ఊళ్లో ఉంది, మధ్యలో మనిషిని ఉరికించడం ఎందుకయ్యా అని అడిగే బుద్ధి నాకు పుట్టలేదు. బస్తాలు పెంచానని ఛాతీ విరుచుకుని వచ్చాను.

అక్క మాత్రం విన్న వెంటనే వద్దంది. “ఉరుకుడు ఆయనకు కొత్త గాదు తమ్మీ. గీ ఎండ కొత్త. నిన్న చింతచెట్టు కింద మూడు కాకులు సచ్చి పడ్డయి, సూసినవా? ఈ మనిషి రెండు నెలల సంది తన జొన్న గట్క పక్కింటి పోరగాళ్లకు పోసి నీళ్లు తాగి పంటుండు. ఒంట్లె ఏమున్నదని ఉరుకుతడు?”

“ఉరుకుడు తప్ప నాకింకేమొస్తదే? గిప్పుడు గాకుంటె ఎప్పుడు పనికొస్తది?” అన్నాడు బావ.

ఆమె ఇక వాదించలేదు. ఎండిన సొరకాయ బుర్ర కడిగి, నీళ్లు నింపి, నా చేతిలో పెట్టింది. “నువ్వు సైకిల్ మీద ఆయనెంటనే ఉండాలె. రాయి రాయికి ఒక గుక్క పొయ్యాలె. నీ చేతుల పెడుతున్న తమ్మీ.”

“ఫికర్ జెయ్యకక్కా” అన్నాను. ఎంత తేలిగ్గా అన్నానో!

ఉరకడానికి ముందురోజు నేను సైకిల్ మీద ఆ బాటంతా తిరిగాను. దొర ఇచ్చే బస్తాలతో పాటు దారి ఊళ్లవాళ్లు కూడా తలా ఇంత గింజ ఇస్తే గుమ్మి నిండుతుంది, కార్తీకం దాకా ఎవరి గుడిసె తలుపూ మేము తీయాల్సిన పని ఉండదు. అది నా ఆశ. లక్షెట్టిపేట దాకా మాటలు బాగానే నడిచాయి. గోదావరి వైపు తిరిగాక నాగులకుంటలో, ఆ తర్వాతి కంకులగడ్డలో ఎవరూ చెవిన పెట్టలేదు. కంకులగడ్డ పెద్దమనిషి హనుమండ్లు అరుగు మీద కూర్చుని బీడీ తాగుతున్నాడు.

“ఆకలైనోళ్ల కోసం ఉరుకుతుండా? ఉరికితే కడుపు నిండుతదా పంతులూ? మా కడుపులు గూడ గట్లనే ఉన్నయి” అన్నాడు. పక్కనున్న ఆడవాళ్లు ముసిముసిగా నవ్వారు.

నాకు చుర్రుమంది. నోరా, వీపుకు తేకే అంటారు. నా నోరు తెచ్చిన దెబ్బ నా వీపు మీద పడలేదు, అదీ నా ఖర్మ.

“ఉత్తగ ఉరుకుతలేడు. మొక్కు. వాన కోసం మొక్కిండు. పొద్దున మందమర్రిల గజ్జెలు కడితే, ధర్మపురి చేరేదాక పచ్చి మంచినీళ్లు గూడ ముట్టడు” అన్నాను.

బీడీ ఆగిపోయింది. చంకలో పసిబిడ్డతో ఒక పడుచు, రామవ్వ, ముందుకొచ్చి, “గీ ఎండల నీళ్లు ముట్టడా?” అంది.

“ముట్టడు.”

“మీరు కిరస్తానమోళ్లు గద సారూ?”

“వానకు కులమున్నదా, మతమున్నదా?” అన్నాను.

ఆమె బిడ్డ చేతులు పట్టి దండం పెట్టించింది. హనుమండ్లు లేచి నిలబడి, ఇంటికి శేరు గింజలు తీసి ఉంచుతామని మాటిచ్చాడు. వెనక్కి వస్తూ నాగులకుంటలోనూ అదే మాట చెప్పాను. అక్కడా అదే జరిగింది. మా బావకు నీళ్లు పోసేది నేనే కదా, ఊరి పొలిమేరల్లో ఎవరూ చూడకుండా పోస్తాను, వీళ్లకేం తెలుస్తుంది అనుకున్నాను. దారంతా కీర్తనలు పాడుకుంటూ సైకిల్ తొక్కాను.

మే నెల మొదటి శనివారం, వెలుగు వస్తుండగా మందమర్రిలో బయలుదేరాం. రాత్రి షిఫ్టు దిగిన బొగ్గుబాయి కార్మికులు నల్లటి ముఖాలతో బాట పక్కన నిలబడి ఈలలు వేశారు. బావ చేతిలో పాత గజ్జెల కర్ర ఘల్లుమంటోంది. నాలుగేళ్ల తర్వాత ఆ మనిషి ముఖంలో కొలువు కనిపించింది. మంచిర్యాల దాటేసరికి ఎండ వీపు మీదికి ఎక్కింది. నేను రాయి రాయికి బుర్ర అందిస్తున్నాను. ఆయన ఉరుకుతూనే తాగి, మూతి తుడుచుకుని, “నీ సైకిల్ రొప్పుతుంది, దానికి గూడ పొయ్యి” అంటున్నాడు.

లక్షెట్టిపేట దగ్గర మా ఊరి మలుపులో అక్క గట్క కుండతో నిలబడి ఉంది. ఆయన నిలబడే తాగాడు. ఆమె ఆయన మెడ మీద చెయ్యి వేసి చూసి, “చెమట పడుతుంది. మంచిదే. చెమట ఆగితే నువ్వు గూడ ఆగు, యినవడుతుందా?” అంది. “యినవడుతుంది సర్కార్” అని సలాం చేసి కదిలాడు. బుర్ర మళ్లీ నింపి నాకిచ్చింది. ఆయన మలుపు తిరిగేదాకా ఆమె అక్కడే ఉంది.

అక్కడి నుంచి బాట వేరే రకంగా అయింది. గాలి ఆడటం లేదు. ఆడినప్పుడు పొయ్యి ముందు కూర్చున్నట్టు కొడుతోంది. మా వెంట పడిన ఒక కుక్క రెండు రాళ్ల దూరం వచ్చి, తూము నీడలోకి దూరి, నాలుక వేలాడేసి మావైపు చూస్తూ ఉండిపోయింది. బాటకు అటూ ఇటూ పొలాల్లో పశువుల కళేబరాలు. డేగలు కూడా లేవు. నలభై రెండో రాయి దగ్గర బావ మూత్రానికి పక్కకు పోయి వచ్చాడు. “ఎర్రగొస్తుంది బామ్మర్ది” అన్నాడు, ఎవరో ముక్కూమొహం తెలియనివాడి సంగతి చెప్పినట్టు. ఆగుదామా అన్నాను. “నలభై రెండు బస్తాలైనయి. ఇంక ఇరవై ఉన్నయి గద” అన్నాడు.

నలభై ఆరో రాయి నాగులకుంట. ఊరు ఊరంతా బాట మీద ఉంది. గోనెపట్టాల మీద జొన్నలు, మక్కలు, ఎక్కడ దాచుకున్నారో తల్లులు, కుప్పలు పోశారు. నా కళ్లు చెదిరాయి. ఎత్తుకుపోవడానికి బండి లేదు, కావలి లేదు. మేకలు అప్పటికే మూతులు పెడుతున్నాయి. ఎవరో ఒకరు ఆగి బండి మాట్లాడాలి.

“నువ్వు నడువు బావా, నేను ఎన్కనే వస్త” అన్నాను.

ఊరివాళ్లు చూస్తున్నారు కాబట్టి నేను బుర్ర తీయలేదు. ఆయన సైకిల్ హ్యాండిలుకు వేలాడుతున్న దానివైపు చూసి, దగ్గరికొచ్చి మెల్లగా, “గది నాకియ్యి. మోస్త. ఉత్తరాల సంచి కన్న బరువా?” అన్నాడు.

“బరువెందుకు బావా! పది నిమిషాలల్ల అందుకుంట” అన్నాను. ఊరి పొలిమేర దాటగానే పోస్తానని కన్ను గీటాను.

ఆయన తలూపి పోయాడు. గజ్జెల చప్పుడు చాలాసేపు వినిపించింది. బండివాడు దొరికేసరికి, సంచులు కుట్టేసరికి, మీ పేరు రాసుకో మా పేరు రాసుకో అని వాళ్లు, అలాగే అలాగే అని నేను. గంటన్నర. గంటన్నర! గింజలు చూస్తే నా కళ్లకు మనిషి కనబడలేదు.

కంకులగడ్డకు రాగానే నా సైకిల్ జారింది. దిగి చూస్తే బాట తడిసి ఉంది. చుక్క నీళ్లు లేని ఊళ్లో ఇళ్ల వరస పొడుగునా బురద. వేపమండలు, పసుపు, ఖాళీ కడవలు. అమ్మవారికి బోనం ఎత్తుకున్న మనిషి కాళ్ల మీద నీళ్లు పోసి చల్లబరచడం మా దగ్గర ఆచారం. సాక పోయడం అంటారు. దేవత పూనిన వాళ్లకు పోస్తారు, మొక్కు మీద ఉన్నవాళ్లకు పోస్తారు.

హనుమండ్లు ఎదురొచ్చాడు. ఆయన కళ్లలో నీళ్లున్నాయి. “కాపాడినం పంతులూ, మొక్కును కాపాడినం! మూడుసార్లు అడిగిండు. దప్పికైతుందని చేతులు బట్టిండు. పరీక్ష పెడుతుండని మాకు సమజైంది. పెదవులకు చుక్క తగలనియ్యలే. ఊరు ఊరంత సాక పోసినం. ఇగ వాన రాకపోతే అడుగు!”

సైకిల్ ఎక్కాను.

యాభై మూడో రాయికి ఆనుకుని కూర్చున్నాడు. అక్కడి నుంచి గోదావరి ఇసుక కనిపిస్తుంది. కర్ర ఒళ్లో ఉంది. మోకాళ్ల దాకా బురద ఎండి పెళ్లలు కట్టింది. ఒంటి మీద చెయ్యి వేస్తే పెనంలా కాలింది, చెమట లేదు. నన్ను గుర్తుపట్టాడు.

“దూపైతుందంటే కాళ్లు కడిగిన్రు బామ్మర్ది. అందరు కడిగిన్రు” అన్నాడు. ఎంతో వింతగా ఉన్నట్టు నవ్వాడు. “మంచోళ్లే.”

బుర్ర నోటికి పెట్టాను. నీళ్లు లోపలికి పోలేదు. మూతి పక్క నుంచి కారి చొక్కా మీద పడ్డాయి. మా వెనకే రమ్మన్న గింజల బండి వచ్చేదాకా ఆయన తల నా ఒళ్లో పెట్టుకుని అరిచాను. ఆ బండిలో, ఆ సంచుల మీదే ఇంటికి తీసుకొచ్చాను. లక్షెట్టిపేట చేరకముందే పోయాడు.

దొర మాట తప్పలేదు. ఒప్పుకోవడానికి నాకు మనసు రాదు గాని, యాభై మూడు కాదు, మొత్తం బస్తాలూ పంపాడు. గుమ్మి నోటి దాకా నిండింది. ఆ ఏడు మా చుట్టుపక్కల ఇంకెవరూ ఆకలితో పోలేదు. జూన్‌లో వాన పడింది. మొక్కు చెల్లిందని కంకులగడ్డవాళ్లు మేకను కోసుకున్నారట.

గింజల దగ్గర నేను వెనకబడ్డానని, కంకులగడ్డలో ఆయన అడిగినా ఎవరూ నీళ్లు పోయలేదని మాత్రం అక్కకు చెప్పాను. పూడ్చిన రోజు ఆమె ఒకే మాట అడిగింది. “ఎందుకియ్యలే తమ్మీ, నీళ్లు?”

“ఎరుకలేదక్కా” అన్నాను.

ఆమె “మన కులం జూసి ఇయ్యలే. అంతే గద” అంది. నేను నోరు విప్పలేదు. ఆ అన్యాయం మాకు కొత్తదేమీ కాదు. ఎన్నో ఊళ్లలో, ఎన్నో బావుల దగ్గర నిజంగానే జరిగింది. అందుకే ఆమె నమ్మింది. ఆ నిజం వెనక నా అబద్ధాన్ని దాచుకున్నాను. థూ, నా బతుకు.

ఆమె తర్వాత కూడా గుమ్మి నడిపింది. అన్ని ఊళ్లకూ కొలిచింది, ఒక్క కంకులగడ్డకు తప్ప. ఆ ఊరివాళ్లు కొంగు పడితే మూత వేసేసేది. అడగకూడని మాట, ఏ ఊరు అన్న మాట, ప్రతివాళ్లనీ అడిగేది. సంఘంలో ఎవరికీ ఎదురుచెప్పే ధైర్యం లేదు. పక్కనే నిలబడి నేను పేర్లు రాసుకునేవాణ్ని.

1992 ఎండాకాలంలో ఒక నడివయసు ఆడమనిషి వచ్చింది. ఇల్లు కాలిపోయిందట, మూడు రోజులుగా తిండి లేదట. అక్క అలవాటుగా ఊరు అడిగింది.

“కంకులగడ్డ. రామవ్వంటరు.”

అక్క మూత వేసింది. “నా పెనిమిటికి గుక్కెడు నీళ్లు పొయ్యని చేతులకు నేను గింజ పొయ్య.”

రామవ్వ కొంగు దించలేదు. “గా దినం మా ఇంట్ల రెండే కడవలున్నయవ్వా. నా బిడ్డకని దాచిన. రెండూ ఆయన కాళ్ల మీదనే పోసిన. నోట్ల పోస్తే మొక్కు చెడుతదంటిరి గద.”

“ఏం మొక్కు? ఎవలన్నరు?”

రామవ్వ తలెత్తి నన్ను చూసింది. గుర్తుపట్టింది. చెప్పలేదు. నా తెల్లవెంట్రుకలు చూసి జాలిపడిందో ఏమో, ఖాళీ కొంగు నడుముకు చుట్టుకుని మెల్లగా వెనక్కి తిరిగింది. మూడు రోజుల ఆకలితో, నా మాట తన కడుపులో పెట్టుకుని పోతోంది.

“నేనే అక్కా. ఆయన నీళ్లు ముట్టడని నేనే చెప్పిన” అన్నాను.

అక్క నావైపు చూడలేదు. పోయి రామవ్వ చెయ్యి పట్టుకుని తీసుకొచ్చి, కూర్చోబెట్టి, చెంబుతో నీళ్లిచ్చింది. ఆమె తాగేదాకా నిలబడింది. అప్పుడు అడిగింది. “ఏమనుకుంట అడిగిండు?”

“‘అవ్వా, ఒక్క గుక్క’ అన్నడు. నా కడవ అంచు బట్టుకున్నడు. నేనే ఆయన వేళ్లు ఇడిపించిన” అని రామవ్వ ఏడ్చింది.

అక్క ఏడవలేదు. సోల తీసుకుని ఒకటి, రెండు, మూడు, కొంగు పట్టినంతా కొలిచింది. ముడి కూడా తనే వేసింది. రామవ్వ పోయాక నా చేతిలోంచి పేర్ల పుస్తకం తీసుకుంది.

“సీమోనూ, రేపటి సంది ఇటు రాకు” అంది.

పుట్టినప్పటి నుంచి ఆమె నన్ను పేరు పెట్టి పిలవగా వినడం అదే మొదలు. ఆ తర్వాత ఆరేళ్లు బతికింది. ప్రతి ఆదివారం నా పిడికెడు గింజలు ఆమె ఇంటి గడప మీద పెట్టి వచ్చేవాణ్ని, ఆమె తీసి గుమ్మిలో పోసేది. తమ్మీ అని మళ్లీ అనలేదు.